అది పాలపిట్టకు చుట్టం కాదండీ, కాకి ఇంటి ఆడపడుచు

మీ ప్రశ్న చదివాను, మూడు ఫోటోలూ చూశాను. మీరడిగినవి మూడు. కోస్టారికాలో గ్వానకాస్తె వైపు సెలవులకు వెళ్ళినప్పుడు మీ టిఫిన్ బల్ల మీద వాలి చక్కెర పొట్లం ఎత్తుకుపోయిన ఆ నీలం పిట్ట మన పాలపిట్టకు చుట్టమా అన్నది ఒకటి. పిల్లలు దానికి బ్రెడ్డు ముక్కలు పెట్టారు, పెట్టొచ్చా అన్నది రెండోది. మీ తమ్ముడు మెక్సికోలో ప్వెర్తో వల్లార్తాలో తీసిన ఫోటోలో గొంతు నల్లగా ఉంది, అది మగదా అన్నది మూడోది. మూడింటికీ చిన్న జవాబు: కాదు, వద్దు, కాదు. ఇంత మాత్రం చెప్పి వదిలెయ్యడానికి మనసొప్పడం లేదు, ఎందుకంటే ఈ పిట్ట కోసం నేను ఆ ఊళ్ళకు మూడుసార్లు వెళ్ళాను, ఒకసారి దానికి జంతికలు కూడా సమర్పించుకున్నాను. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మీరు చూసింది వైట్ త్రోటెడ్ మాగ్‌పై జే. అక్కడి వాళ్ళు ఉర్రాకా అంటారు. మెక్సికో మధ్య భాగం నుంచి పసిఫిక్ తీరం వెంబడి కిందికి వస్తూ కోస్టారికా వాయవ్య మూల దాకా ఉంటుంది, అంతే. ఏడాదిలో నాలుగైదు నెలలు చుక్క వాన లేక ఆకు రాల్చే అడవులు, ముళ్ళ తుప్పలు, పశువుల బీళ్ళ మధ్య మిగిలిన చెట్లు, వాగుల గట్లు దాని చోట్లు. శాస్త్రీయ నామం కాలోసిట్టా ఫార్మోసా. మొదట వర్ణించినవాడు స్వైన్సన్ అనే ఇంగ్లీషు పక్షి శాస్త్రవేత్త, 1827లో. ఆ పేరు విడదీస్తే నవ్వొస్తుంది: కాలో అంటే గ్రీకులో అందం, సిట్టా అంటే జే పిట్ట, ఫార్మోసా అంటే లాటిన్‌లో మళ్ళీ అందమైనది. సుందరి అని పేరు పెట్టి, చాలదన్నట్టు ఇంటిపేరు కూడా అందాల అని తగిలించినట్టు.

ఈ సిట్టా అన్న ముక్కను పట్టుకోండి, చుట్టరికాలన్నీ అందులోనే ఉన్నాయి. మీరు డాలస్‌లో ఉంటామన్నారు కదా, మీ పెరట్లోకి వచ్చే బ్లూ జే పేరు సయానోసిట్టా, అంటే నీలం జే. మన ఊళ్ళలో తోటల్లో తిరిగే ఇటుకరంగు ఒళ్ళు, బూడిద నలుపు తోక ఉన్న పిట్ట, కొన్ని పుస్తకాల్లో గోకురాయి అని ఉంటుంది, దాని పేరు డెండ్రోసిట్టా, అంటే చెట్టు జే. ఈ ముగ్గురూ, మన వసారా మీద కావుమనే కాకితో సహా, ఒకే ఇంటివాళ్ళు. కాకుల కుటుంబం. మరి పాలపిట్ట? దానికి ఈ ఇంటితో ఏ సంబంధమూ లేదు. అది లకుముకి పిట్టలకూ, పచ్చగా ఉండి ఈగల్నీ తేనెటీగల్నీ గాల్లో పట్టే బీ ఈటర్లకూ దగ్గర. బ్రిటిష్ వాళ్ళు మన దేశంలో ఆ నీలం రెక్కలు చూసి బ్లూ జే అని పిలిచేశారు, మన ఇంగ్లీషు మీడియం పుస్తకాలు అదే పట్టుకున్నాయి, ఇప్పటికీ దసరా రోజు వాట్సాప్‌లో "బ్లూ జే దర్శనం" అని ఫార్వర్డులు వస్తూనే ఉంటాయి. ఉమ్మడి రాష్ట్రానికి అదే రాష్ట్ర పక్షి, ఇప్పుడు తెలంగాణకు అదే. అంత గౌరవమున్న పిట్టకు కాకి ఇంటిపేరు తగిలించడం ఒక తప్పయితే, ఆ పేరు నమ్మి రెండు ఖండాల అవతల పిట్టను దానికి బంధువు చెయ్యడం రెండో తప్పు. మీ తప్పేం కాదులెండి, నేనూ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు పార్కులో బ్లూ జే చూసి "ఇదేంటి, మన పాలపిట్ట ఇంత చిక్కిపోయింది" అనుకున్నవాణ్ణే.

రంగు చూసి చుట్టరికం కట్టకూడదు అనడానికి ఇంకో కారణం ఉంది. ఈ రెండిట్లోనూ నీలం అన్నది అద్దకం రంగు కాదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం వెలుగులో నీలాన్ని మాత్రమే వెనక్కి తిప్పి పంపుతుంది. ఆ ఈకను దంచి పొడి చేస్తే నీలం మిగలదు. ఈ ఏర్పాటు పక్షుల్లో వేరువేరు కుటుంబాల్లో విడివిడిగా వచ్చింది, కాబట్టి నీలం ఎవరి సొత్తూ కాదు.

రంగు వదిలేసి కాళ్ళు చూడండి. మీ మొదటి ఫోటోలో అదృష్టవశాత్తూ కాళ్ళు పడ్డాయి. చక్కెర పొట్లాన్ని బల్ల అంచున పెట్టి, ఎడమ కాలి వేళ్ళ కింద అదిమి పట్టి, ముక్కుతో పైన పొడుస్తోంది. కాకి రొట్టె ముక్కను చూరు మీద అదిమి తినడం మీరు వెయ్యిసార్లు చూసుంటారు, అచ్చం అదే. పాలపిట్ట ఈ పని చెయ్యలేదు. దాని కాళ్ళు చిన్నవి, బలం లేనివి, తీగ మీద కూర్చోడానికి సరిపోతాయి, అంతే. మిడతనో తొండపిల్లనో పట్టుకొస్తే కొమ్మకేసి బాది మింగుతుంది తప్ప కాలితో పట్టుకుని చీల్చుకు తినడం దానికి చేతకాదు. ఇంకో తేడా, పాలపిట్ట కూర్చుంటే గోధుమరంగు పిట్టే, రెక్క విప్పితేనే నీలం. ఈ ఉర్రాకా కూర్చున్నా ఎగిరినా వీపు మొత్తం నీలమే, పొట్ట తెల్లగా ఉతికిన పంచెలా ఉంటుంది. రొమ్ము మీద సన్నటి నల్ల గీత ఒకటి, నల్లపూసలు వేసుకున్నట్టు. నెత్తి మీద తురాయి మాత్రం మహా వింత: నాలుగైదు పొడుగాటి ఈకలు పైకి లేచి ముందుకు వంకీ తిరిగి ఉంటాయి, నడిచినప్పుడల్లా కళ్ళ ముందు ఊగుతుంటాయి. ముక్కు నుంచి తోక చివరికి దాదాపు అర మీటరు, అందులో సగానికి పైగా తోకే. అందుకే ఫోటోలో గద్దంత కనబడుతుంది గానీ బరువు 200 గ్రాముల పైచిలుకు, మన ఊరి కాకి కన్నా తక్కువే.

ఇప్పుడు నాకు నిజంగా ఇష్టమైన సంగతి. ఇది ఇల్లరికం పిట్ట.

చాలా పక్షుల్లో పెద్దయ్యాక పుట్టిన చోటు వదిలి దూరం పోయేది ఆడపిల్ల. మగపిల్లలు దగ్గర్లోనే స్థిరపడతారు. జేలలో అన్నిటికన్నా ఎక్కువ చదివిన ఫ్లోరిడా స్క్రబ్ జేలో కూడా అంతే, అమ్మానాన్నల దగ్గర ఉండి తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ మేత మోసేది ఎక్కువగా కొడుకులే. ఈ ఉర్రాకాల్లో మొత్తం తిరగేసి ఉంటుంది. కూతుళ్ళు పుట్టింట్లోనే ఉండిపోతారు. కొడుకులు ఇల్లు వదిలి గుంపు నుంచి గుంపుకు తిరుగుతుంటారు, ఎక్కడైనా చోటు దొరికితే ఆగుతారు. అయిదారు నుంచి పది దాకా ఉండే గుంపులో ఒక పెద్ద ఆడపక్షి, దానికి జోడుగా ఒక మగపక్షి, మిగతావి ఎక్కువగా ఆ ఆడదాని కూతుళ్ళూ చెల్లెళ్ళూ. గూడు ఒకటే. గుడ్ల మీద కూర్చున్న పెద్దదానికి మగడితో పాటు ఈ ఆడపడుచులందరూ మేత తెచ్చి నోట్లో పెడతారు, పిల్లలు బయటికొచ్చాక వాటికీ పెడతారు. సాంటా రోసా జాతీయ వనంలో టామ్ లాంగెన్ అనే ఆయన, ఆ తర్వాత ఇంకొందరు ఏళ్ళ తరబడి కాళ్ళకు రంగు రింగులు వేసి మరీ చూసి చెప్పిన సంగతులివి. కూతుళ్ళకు లాభమేమిటి అంటే, పెద్దది పోయాక ఆ పొలం గట్టు, అంటే ఆ హద్దు, వాళ్ళలో ఒకరికి దక్కుతుంది. మధ్యలో కొందరు ఊరుకోకుండా అప్పుడప్పుడు సొంతంగా గూడు పెట్టే ప్రయత్నాలూ చేస్తారు. ఇంట్లో ఉండే మగడికి కూడా పూర్తి ధీమా లేదు, పిల్లల జన్యువులు పరీక్షిస్తే వాటిలో బయట తిరిగే మగపక్షుల సంతానమూ బయటపడింది. ఉమ్మడి కుటుంబం అంటే ఇవన్నీ ఉంటాయి కదా.

మీరు "రోజంతా ఎక్కడో పిల్లి పిల్ల ఏడ్చినట్టు వినబడింది" అని రాశారు చూడండి, నాకు అది చదవగానే అర్థమైంది. అది పిల్ల కాదు, పెద్దావిడే. గుడ్లు పెట్టే రోజుల్లోనూ పొదిగే రోజుల్లోనూ ఆడపక్షి గూట్లో కూర్చుని అచ్చం ఆకలిగొన్న పిల్లలా గట్టిగా గారాలు పోతుంది. గూడు ఎక్కడుందో పాములకూ కోతులకూ డప్పు కొట్టి చెప్పినట్టే, అయినా మానదు. మేత కోసమే అయితే అంత గట్టిగా ఎందుకు అని పరిశోధకులకూ అనుమానం వచ్చి చూశారు. ఆకలి ఒక కారణమే, దానితో పాటు చుట్టుపక్కల తిరిగే మగపక్షులకు "ఇక్కడొకదాన్ని ఉన్నాను" అన్న కబురు కూడా అందులో ఉండొచ్చని తేల్చారు. మీరు వెళ్ళింది మార్చి అన్నారు, గూళ్ళు ఫిబ్రవరి నుంచి జులై మధ్యలో పెడతాయి, కాబట్టి లెక్క సరిపోయింది.

వీటి అరుపుల గురించి ఇంకొక్క మాట. సాంటా రోసాలో ఒక పొద్దున ఆకు లేని చెట్టు మీద గద్ద ఒకటి వాలింది. క్షణాల్లో అయిదు ఉర్రాకాలు చుట్టూ చేరి గీపెట్టడం మొదలుపెట్టాయి, అది మామూలే, కాకులు చేసేదే. వాటికి పక్కగా వేరే కొమ్మ మీద ఒకటి మాత్రం గద్దను తిట్టడం మానేసి ఒక ఈల, ఒక కిర్రు, నీళ్ళ చుక్క పడ్డట్టు ఒక టుంగుమనే శబ్దం, మళ్ళీ ఇంకోటి, ఒకదానికొకటి పొంతన లేకుండా కచేరీ చేస్తోంది. నాకు మొదట అది వేరే జాతి పిట్టేమో అనిపించింది. నాతో ఉన్న గైడు నవ్వి, అది మగదండీ, ప్రమాదం వచ్చినప్పుడే వీళ్ళకు పాట గుర్తొస్తుంది అన్నాడు. ఆడవాళ్ళు గద్దను తరుముతుంటే ఈయన పక్కన నిలబడి రాగాలు తీస్తున్నాడన్నమాట. మా ఇంట్లో ఈ కథ చెప్పడం మానేశాను.

ఇక రెండో ప్రశ్న, తిండి పెట్టడం. ఇక్కడ నా జంతికల కథ చెప్పాలి. నాలుగేళ్ళ కిందట తీరం దగ్గర ఒక అద్దె ఇంట్లో దిగాం, మా అత్తగారు గుంటూరు నుంచి పంపిన జంతికల డబ్బా వరండా బల్ల మీద మూత పెట్టకుండా వదిలేసి లోపలికి వెళ్ళాను. కాఫీ కలుపుకుని వచ్చేసరికి బల్ల మీద ఒకటి ఉంది. నన్ను చూసి ఎగరలేదు. తల పక్కకు వంచి ఒక కంటితో నన్ను, ఇంకో కంటితో డబ్బాను చూసుకుని, ఒక పూర్తి చుట్టను ముక్కుకు గాజులా తగిలించుకుని ఎదురు కొమ్మ మీదికి వెళ్ళింది. కాలి కింద పెట్టి టక్కున విరిచింది, సగం కింద పడింది, మిగతా సగం తింది. తర్వాత ఒక్క కేక. రెండు నిమిషాల్లో ఆరు. తురాయి ఇంకా పొట్టిగా ఉన్న ఒక పిల్ల తనంతట తాను ఏమీ ఎత్తుకోకుండా పెద్దవాటి వెనకాల రెక్కలు వణికిస్తూ తిరుగుతోంది. నేను మురిసిపోయి ఇంకో రెండు వేశాను, ఫోటోలు తీశాను, అది నా తప్పు. మర్నాడు పొద్దున్నే అయిదున్నరకు కిటికీ అద్దం మీద పొడుస్తూ నిద్ర లేపాయి. ఆ తర్వాతి రోజు పక్క వాటాలో ఉన్న ముసలావిడ చేతిలోని బిస్కెట్టు లాక్కుపోయాయి, ఆవిడ వేలు గీరుకుంది. నేను వెళ్ళి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇది అల్లరి అనుకుని నవ్వుకోవచ్చు గానీ సంగతి వేరే ఉంది. ఈ పిట్ట గొంగళి పురుగులు, కప్పలు, బల్లులు, పండ్లు, గింజలు, పూల మకరందం ఏది దొరికితే అది తింటుంది, చిన్న పిట్టల గుడ్లూ పిల్లలూ తింటుంది. హోటళ్ళ దగ్గర మనం బ్రెడ్డు పెట్టి పోగుచేసిన ఉర్రాకాలు ఆ చుట్టుపక్కల చిన్న పిట్టల గూళ్ళ మీదికీ వెళ్ళొచ్చు. ఇంకోటి, వీటి పిల్లలకు వేట నేర్చుకోడానికి చాలా కాలం పడుతుంది, ఏళ్ళ తరబడి పెద్దవాటి వెనక తిరిగి ఏ కాయ ఎలా విప్పాలో, ఏ పురుగు ఏ ఆకు చుట్టలో ఉంటుందో నేర్చుకుంటాయి. ఆ బడి వదిలిపెట్టి చక్కెర పొట్లం విప్పడం నేర్పడం మనకెందుకు? అక్కడి ప్రభుత్వం కూడా 2019లో జంతువులతో సెల్ఫీలు, చేత్తో తిండి పెట్టడాలు ఆపండని పెద్ద ప్రచారం పెట్టింది. పిల్లల్ని తిట్టకండి, వాళ్ళకు తెలియదు. వచ్చేసారి బల్ల మీద పొట్లాలు మూసి ఉంచి, కాస్త ఎడంగా కూర్చుని వాటి కాళ్ళు చూడమనండి.

అన్నట్టు మీరు "అక్కడ అడవంతా ఎండిపోయి మన ఊరి బీడులా ఉంది, వర్షారణ్యం అన్నారు కదా" అని కూడా నొచ్చుకున్నారు. గ్వానకాస్తెలోని లిబేరియా ఊరి విమానాశ్రయంలో దిగితే మీరు చూసేది వర్షారణ్యం కాదు, ఎండు ఉష్ణమండల అడవి. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అక్కడ వాన ఉండదు, చెట్లు ఆకు రాల్చేస్తాయి. ఫిబ్రవరిలో ఆ కొండలు చూస్తే మార్చిలో నల్లమల చూసినట్టే ఉంటుంది, కళ్ళు మూసి దింపితే శ్రీశైలం ఘాటు అనుకుంటారు. ఆ చెట్లలో మీకు తెలిసినవి కూడా ఉన్నాయి, మీరు గమనించి ఉండరు. హైదరాబాదు పాత రోడ్ల మీద గొడుగు పట్టినట్టుండే నిద్రగన్నేరు పుట్టినిల్లు ఆ ప్రాంతమే, అక్కడ సెనీసారో అంటారు. పొలాల గట్ల మీద పచ్చిరొట్ట కోసం నాటే గ్లైరిసిడియా అక్కడ కంచె కర్రగా పాతితే చిగురించి వరసలుగా నిలబడి ఉంటుంది. బడి దగ్గర కొనుక్కు తిన్న సీమచింత కూడా ఆ తీరం చెట్టే, స్పానిష్ ఓడల్లో ఫిలిప్పీన్స్ మీదుగా ఆసియా చేరింది. సీమచింతలో సీమ ఏదని ఎవరైనా అడిగితే ఉర్రాకా అరిచే ఊరని చెప్పొచ్చు.

ఈ అడవి కథ బాధాకరమైనదే. వర్షారణ్యం నరకడం కష్టం, తగలబెట్టడం ఇంకా కష్టం. ఎండు అడవికి అగ్గిపుల్ల చాలు. పశువుల కోసం తగలబెట్టి ఆఫ్రికా నుంచి తెచ్చిన జరాగువా గడ్డి వేశారు, ఆ గడ్డి ఏటా ఎండి ఏటా కాలి మొక్కను లేవనివ్వదు. మధ్య అమెరికా పసిఫిక్ తీరంలో ఒకప్పటి ఎండు అడవిలో చెడకుండా మిగిలింది 2 శాతం లోపే అని డేనియల్ జాన్‌జెన్ అనే అమెరికన్ జీవావరణ శాస్త్రవేత్త 1988లో లెక్క కట్టాడు. ఆయనా, ఆయన భార్య వినీ హాల్‌వాక్స్, అక్కడి స్థానికులూ కలిసి 1980ల మధ్య నుంచి చేసిన పని వినడానికి చాలా సాదా: పక్క భూములు కొని కలపడం, నిప్పును ఆపడం. నిప్పు ఆగితే గాలీ పిట్టలూ జంతువులూ మోసుకొచ్చిన గింజలు గడ్డిలోంచే లేచాయి. 1971లో జాతీయ వనమైన సాంటా రోసా ఇప్పుడు గ్వానకాస్తె సంరక్షణ ప్రాంతంలో ఒక ముక్క, 1999లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఉర్రాకాకు మాత్రం ఈ విధ్వంసం పెద్దగా తగల్లేదనే చెప్పాలి, బీడు అంచున, పెరట్లో, కాఫీ తోటలో కూడా బతికేస్తుంది. కాకి బుద్ధి కదా.

మూడోది, మీ తమ్ముడి ఫోటో. అది మగది కాదు, వేరే జాతి. బ్లాక్ త్రోటెడ్ మాగ్‌పై జే, కాలోసిట్టా కొల్లీ, మెక్సికో వాయవ్య భాగంలో ఉంటుంది, ప్వెర్తో వల్లార్తా దాని ఊరే. గొంతూ ముఖమూ నలుపు, తోక దీనికన్నా ఇంకా పొడుగు. హాలిస్కో, కోలిమా రాష్ట్రాల దగ్గర రెండు జాతుల హద్దులు కలిసే చోట సంకర సంతానమూ ఉంటుంది, అందువల్ల ఆ వైపు గొంతు సగం నలుపు సగం తెలుపుగా ఉన్నవి కనిపిస్తే కంగారు పడొద్దు. మీ ఉర్రాకాల్లో ఆడా మగా దూరం నుంచి చూసి తేల్చడం కష్టం, ఎవరు ఎవరికి తినిపిస్తున్నారో, ఎవరు రాగాలు తీస్తున్నారో చూసి ఊహించాల్సిందే.

మళ్ళీ వెళ్తే హోటల్లో కాకుండా పాలో వెర్దే జాతీయ వనం వైపో సాంటా రోసా వైపో పొద్దున్నే వెళ్ళండి. జనవరి, ఫిబ్రవరిలో అయితే ఆ తీరంలో ఈదురుగాలి విపరీతం, తొమ్మిది దాటితే పిట్టలన్నీ వాగుల్లోకి దిగిపోతాయి, ఏప్రిల్ మొదట్లో గాలి తగ్గుతుంది, ఆకు ఉండదు కాబట్టి చూపు ఆనుతుంది. ఫోటోకు ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించుకోండి, మీ రెండో ఫోటోలో పొట్ట తెలుపు మొత్తం కాలిపోయి నల్లపూసల గీత సగం మాయమైంది. మొబైల్‌లో కూత ప్లే చేసి పిలవకండి, గూళ్ళ కాలంలో అసలు వద్దు. ఆ పిల్లి పిల్ల ఏడుపు రికార్డు చేశానన్నారు కదా, అది పెట్టండి, వినాలనుంది.